పది కిలోలు

"ఎనభై ఎనిమిదిన్నర," అంది నర్సు.

సుబ్బరత్నం మెషీన్ దిగలేదు. చేతిలోని సంచి కింద పెట్టి మళ్లీ నిలబడింది.

"ఎనభై ఎనిమిది. సంచి అరకిలోనే అమ్మా, మిగతాదంతా మీదే."

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "మూడు నెలల కింద ఎనభై ఏడు. తగ్గమంటే పెరిగారు. తీపి మానేశారా?"

"మానేసిన మేడమ్."

"టీలో చక్కెర?"

"చెంచా కూడ ఏసుకుంటలేను."

టీ వరకు అది నిజమే.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చూడండమ్మా, మీ పరీక్షలన్నీ బాగున్నాయి. అవయవదానం కమిటీ కూడా ఒప్పుకుంది. ఈ బరువుతో మాత్రం మీ కిడ్నీ తీయడానికి హైదరాబాద్ డాక్టర్లు ముందుకు రారు. డెబ్బై ఎనిమిదికి రావాలి. వచ్చే నెలకు కనీసం నాలుగు కిలోలైనా తగ్గకపోతే దాతగా మీ పేరు తీసేస్తారు. మీ కోడలికి అంత టైం లేదు."

సుబ్బరత్నం తల వంచుకుని బయటికి వచ్చింది. ఉదయశ్రీ బెంచీ మీద కూర్చుని ఉంది. అప్పుడే డయాలసిస్ అయింది. పెదాలు ఎండిపోయాయి. అత్తను చూడగానే లేచి నిలబడబోయి, తూలి మళ్లీ కూర్చుంది.

"ఎంత తగ్గినవ్ అత్తమ్మా?"

"తగ్గలే బిడ్డా. కిలో పెరిగిన."

ఉదయశ్రీ కళ్లు మూసుకుంది. నాలుగు తిట్లు తిట్టినా సుబ్బరత్నానికి ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

కొత్తగూడెం దాటాక బస్సు అడవిలో పడింది. కోడలు ఆమె భుజం మీద వాలి నిద్రపోయింది. ముందు సీట్లో కొడుకు అనిల్‌కుమార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అతని కిడ్నీ కుదరలేదు. ఉదయశ్రీకి తల్లీ తండ్రీ లేరు. కుదిరింది అత్తది ఒక్కటే.

ముప్పై ఏళ్లుగా రోజుకు ఆరు టీలు తాగిన మనిషి సుబ్బరత్నం. చక్కెర మానేసిన మొదటి వారం తల పగిలిపోయింది. మిరపచేలో పని సాగలేదు. రెండో వారం కలలోకి పాకుండలు వచ్చాయి. అయినా పళ్ల బిగువున ఓర్చుకుంది. మూడు కిలోలు తగ్గింది కూడా. ఆ తర్వాతే బియ్యం డ్రమ్ములో చేతికి బెల్లం అచ్చు తగిలింది. ఇంకోరోజు పచ్చడి జాడీ వెనక పల్లీపట్టీలు. నిలబడే తినేసింది, గోడ వైపు తిరిగి, ఏడుస్తూ.

ఎవరు పెడుతున్నారో ఆమెకు తెలుసు. 'ఈ వయసుల నీకు ఆపరేషన్ ఎందుకే అమ్మా' అని మొదట్లో గునిసింది కొడుకే. నిలదీయాలంటే తను తిన్న సంగతి చెప్పాలి. అందుకే రెండు నెలలుగా నోరు మెదపలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఉదయశ్రీ లోపలికెళ్లి పడుకుంది. సుబ్బరత్నం బియ్యం కోసం డ్రమ్ములో చెయ్యి పెట్టింది. కాగితం పొట్లం. విప్పితే పాలకోవా.

నోరూరింది. డ్రమ్ము పక్కనే చతికిలబడింది. ఒక ముక్క తుంచింది. పెదాల దాకా తెచ్చింది. దారి పొడుగునా తన భుజం మీద వాలి ఉన్న ఆ తల ఎంత తేలిగ్గా ఉందో గుర్తొచ్చింది. ముక్కను తిరిగి పొట్లంలో పడేసి వాకిట్లోకి నడిచింది.

అనిల్‌కుమార్ మందు కొట్టే పంపు కడుగుతున్నాడు. పొట్లం అతని ముందు విసిరేసింది.

"ఏందిరా ఇది?"

"ఏంది?"

"తెల్వనట్టు అడగకు. బెల్లమాయె, పల్లీపట్టీలాయె, ఇయ్యాల కోవా. నన్ను కాపాడుకుందామని ఆ పిల్లను చంపుతవా?"

అనిల్‌కుమార్ పొట్లం వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూశాడు.

"అంటే... ఇన్ని రోజులు నువ్వు తింటున్నవా?"

"తిన్న. దొంగలెక్క తిన్న. ఆపుకోలేకపోయిన. కానీ తెచ్చిపెట్టేది నువ్వు గాదా?"

"నా పెళ్లాం పోవాలని నేను కోవా తెస్తనా అమ్మా?" పంపు కింద పడేసి లేచాడు. "మొదట వద్దన్న మాట నిజమే. దాని మొఖం చూసినంక నోరు మూసుకున్న. నీ మీద ఒట్టు, నాకేం తెల్వదు."

అబద్ధమాడితే కొడుకు కళ్లలో చూడలేడని ఆమెకు తెలుసు. ఇప్పుడు సూటిగా చూస్తున్నాడు. ఇద్దరికీ కోప్పడే ఓపిక కూడా మిగల్లేదు. అరుగు మీద కూలబడ్డారు.

"మరెవరు తెస్తున్నరురా?"

తలుపు చప్పుడైంది. ఉదయశ్రీ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వచ్చింది. వంగి పొట్లం తీసి, మట్టి దులిపి, అత్త పక్కన కూర్చుంది. దాన్ని ఆమె ఒళ్లో పెట్టింది.

"తిను అత్తమ్మా," అంది. "నా కోసం నీ కడుపు కోయించుకోవద్దంటే నువ్వు ఇనవు గదా, అందుకే దవాఖానకు పోయినప్పుడల్లా నేనే కొనుక్కొస్తున్న."