ఇంటికొచ్చిన రాయి

"ఫ్యాను గాలే కారణం డాక్టరమ్మా! అందుకే దాన్ని తమ్ముడికిచ్చేశాను," అన్నాడు జావాలోని ముంతిలాన్ ఊరి రాతిశిల్పి పర్జియో. పక్కనే అతని భార్య లసినెం, పొద్దుటి నుంచి బిగుసుకుపోయిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"తగ్గిందా?"

"లేదు. అప్పుడు మా అత్త ఫొటో మీద అనుమానమొచ్చింది. ఆవిడ చూపు మంచిది కాదు. గోడవైపు తిప్పేశాను."

"మా అమ్మనంటావా?" అంది లసినెం.

"చివరికి దిష్టి పోవాలని రాతి ద్వారపాలకుణ్ణి మొదలెట్టాను. ఈమె మంచం పక్కనే కూర్చుని చెక్కాను, తోడుగా ఉన్నట్టుంటుందని."

అతను చేతులూపినప్పుడల్లా చొక్కాలోంచి బూడిదరంగు పొడి బల్ల మీద రాలుతోంది. డాక్టరు దాన్ని వేలితో తీసి చూసింది.

"ఈ బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"నేనే. ముందు బాగా దులిపి," అంది లసినెం.

"ఇదే కారణమని కచ్చితంగా చెప్పలేను. కానీ రాతిపొడి పీల్చేవాళ్లకి ఈ కీళ్లవాతం ఎక్కువే."

పర్జియో ఇల్లు చేరాక గుమ్మం బయటే చొక్కా విప్పి, బావి దగ్గర నీళ్లు కుమ్మరించుకోసాగాడు.

"లోపలికి రావయ్యా, వీధంతా నవ్వుతోంది!"

"నవ్వనీవే. ఇన్నేళ్లూ నీ దగ్గరికి రాయిని వెంటబెట్టుకొచ్చాను. ఇవాళ నేనొక్కణ్ణే వస్తా."