ఉడుత అడిగిన ప్రశ్న

పులి ఏలే అడవిలో ఒక గోరింక మోదుగు కొమ్మ మీద కూర్చుని రోజూ వార్తలు చెప్పేది. మొదట్లో వినడానికి వచ్చేది ఒక్క ఉడుతే. ప్రతి వార్తకీ "నువ్వు కళ్లారా చూశావా, అక్కా?" అని అడిగేది. చూడకపోతే గోరింక ఎగిరివెళ్లి చూసొచ్చేది.

ఒకరోజు గోరింక పులిని కడిగిపారేసింది. మర్నాడు కొమ్మ కింద ఇసకేస్తే రాలనంత గుంపు. అప్పట్నుంచి రోజూ తిట్లే వార్తలు. చూశావా అని ఎవరూ అడగలేదు, ఎగరాల్సిన పనీ తప్పింది. ఆ తోపులాటలో ఉడుత ఎటు పోయిందో. ఆ ఒక్క ప్రశ్న కోసం గోరింక రోజూ గుంపంతా వెతుక్కునేది.

ఒక సాయంత్రం ఉడుత ముందు వరుసలో కనిపించింది. గోరింక గబగబా కింది కొమ్మ మీదికి దిగింది.

"ఏదైనా అడుగు, చెల్లీ" అంది.

"ఇవాళ పులిని ఇంకా తిట్టలేదేం, అక్కా?" అంది ఉడుత.