హుసేనమ్మ అడిగిన మాఫీ

"నిజం సెప్పప్పా, ఆ విమానం మంచిదేనా?" కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి అడిగింది హుసేనమ్మ.

జనాన్ని మక్కాకు, ఉమ్రా యాత్రకు పంపే ఖాదర్ వలికి ఆదోనిలో మంచి పేరుంది.

"ఎందుకు పెద్దమ్మా అంత అనుమానం?"

"మా మనవరాలు నిఖత్ ఫోన్లో సూసిందంట. ఆ కంపెనీ విమానాలను కొన్ని దేశాలు దిగనీయవంట. ఇంకో కంపెనీది భద్రమంట. నాలుగు రూపాయలు ఎక్కువైనా దాంట్లో పంపించు."

నిఖత్ చూసింది నిజమే. ఖాదర్ వలి కూడా చూశాడు. కానీ జట్టు మొత్తానికీ సీట్లు పట్టేశాడు. ఈమె మారిందంటే వెనకాలే అందరూ మారతారు. కమీషన్ గంగలో కలుస్తుంది.

"ఫోన్లో వచ్చేవన్నీ నమ్మితే ఎట్లా? పైకెగిరినాక ఏ విమానమైనా ఒకటే పెద్దమ్మా!" అని నవ్వేశాడు.

ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ నవ్వు మాత్రం అతని మొహం మీద నిలవలేదు.

ప్రయాణం రోజు ఎమ్మిగనూరు నుంచి బస్సు వచ్చింది. అక్కడి ఆఫీసు ఖాదర్ వలి తమ్ముడు జీషాన్ చూస్తాడు. ఆ ఊరివాళ్ళను ఎక్కించుకుని, ఆదోనివాళ్ళ కోసం ఆగింది. ఉమ్రాకు వెళ్ళేవాళ్ళు బయలుదేరే ముందు తెలిసినవాళ్ళందరినీ మాఫీ అడుగుతారు. హుసేనమ్మ ఆఖరున ఖాదర్ వలి చేతులు పట్టుకుంది.

"నన్ను మాఫ్ సెయ్యప్పా. నువ్వు సెప్పినాక కూడా నాకు నిద్ర పట్టలే. ఎమ్మిగనూరు పోయి మీ అమ్మనే అడిగినా, మీవాడు నిజమే సెప్తాండాడా అని."

ఖాదర్ వలికి తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడింది తను, మన్నించమంటున్నది ఆమె. చేతులు వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"పెద్దమ్మా, ఆ విమానం..." అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అతన్ని దీవిస్తున్నారు.

"నీ మనసు నొప్పించి పోతే నా ఉమ్రాకు ఫలమేముంటాది? మాఫ్ సెయ్యవా?"

"సేసినా పెద్దమ్మా," అన్నాడు నేలచూపులు చూస్తూ. ఇంత సిగ్గుమాలిన మాట తన నోట ఎన్నడూ రాలేదనుకున్నాడు.

"మీ అమ్మ నన్ను బాగా కోప్పడింది. నా కొడుకునే అనుమానిస్తావా అనింది. అంతటితో ఊరుకోలే, సూడు!" అంటూ ఆమె బస్సు వైపు చెయ్యి చూపించింది.

కిటికీలోంచి అతని తల్లి నవ్వుతూ తల బయటపెట్టింది. "జీషాన్‌తో నేనూ టికెట్ తీయించుకున్నా నాయనా. నీకు సెప్తే నాకొక్కదానికి వేరే కంపెనీ విమానం సూస్తావని దాచినా. ఊరికొక మాట, తల్లికొక మాట సెప్పినాడని రేపు నిన్నెవరూ అనగూడదు గదా!"