మధ్యాహ్నం రెండింటి పేపరు

"గోడ కూలిపోయింది, ఓర్విల్. బెర్లిన్‌లో జనం సుత్తులు పట్టుకుని పగలగొడుతున్నారట," అంటూ మార్గిట్ పేపరు మడిచింది. "లోకమంతా అటే చూస్తోంది. మన సంగతి ఎవరికి కావాలి చెప్పు?"

మంచం మీది మనిషి కదల్లేదు. పక్కనున్న యంత్రం మీద గుండె అంకె మాత్రం డెబ్భై నుంచి నూటపదికి ఎగబాకింది. అతని ముక్కుకు వేసిన గొట్టం సరిచేస్తున్న నర్సు ఐలీ తలెత్తి దాన్నే చూసింది. పది నెలలుగా ఇదే తంతు. డాక్టరు పిలిచినా, తను పిలిచినా ఆ అంకె ఉలకదు, పలకదు. మార్గిట్ గొంతు వినపడితే చాలు, లేచి కూర్చుంటుంది.

"మీ గొంతులో ఏం మంత్రముందో గానీ..." అంది ఐలీ.

"మంత్రమేముంది, తెలిసిన గొంతు," అని మార్గిట్ నవ్వింది.

జనవరిలో, గడ్డకట్టిన సరస్సు మీద తలకు దెబ్బ తగిలి పడి ఉన్న అతన్ని చేపలు పట్టేవాళ్ళు అమెరికా ఉత్తరాన ఉన్న ఈ డులూత్ ఊరి ఆసుపత్రికి మోసుకొచ్చారు. జేబులో కాగితం ముక్కైనా లేదు. మూడోరోజు అతని డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి తాళాలు పట్టుకుని మార్గిట్ వచ్చి, తను భార్యనని చెప్పి, మంచం పక్కన కూలబడి ఏడ్చింది. బంధువులంటూ ఇంకెవరూ రాలేదు. ఆనాటి నుంచి మంచు మోకాలెత్తు కురిసినా సరే, రెండింటికల్లా పేపరుతో హాజరు.

మార్చిలో అలాస్కా దగ్గర ఓడ చీలి సముద్రం నల్లబడిన వార్త చదివింది. జూన్‌లో బీజింగ్ పెద్ద కూడలిలోకి ట్యాంకులు రావడం చదివింది. ఆగస్టులో, పన్నెండేళ్ళ కిందట పంపిన అంతరిక్ష నౌక నెప్ట్యూన్ పక్కనుంచి సాగిపోయిందని చదివి, అతని చెవి దగ్గరగా వంగింది.

"అది అంత దూరం పోయి కూడా కబుర్లు పంపుతోంది. నువ్వు ఇక్కడే ఉండి నోరు విప్పవు. బాగుంది."

అంకె నూట ఇరవై దాటింది.

వెళ్ళేముందు రోజూ ఒకటే ప్రశ్న. "ఏమైనా అన్నాడా?"

"ఇంకా లేదండీ."

"ఏమన్నా అంటే ముందు నాకే చెప్పాలి, ఐలీ. ఇంకెవరికీ కాదు."

"తప్పకుండా. మా ఆయనైతే నాకు జ్వరమొస్తే బౌలింగ్ క్లబ్బుకి పోతాడు. ఈయన అదృష్టవంతుడు."

డిసెంబరు మొదట్లో ఓర్విల్ కళ్ళు తెరిచాడు. మాట లేదు, చెయ్యి లేవదు. మార్గిట్ కుర్చీ ఎటు జరిపితే అటు అతని చూపు తిరిగేది. క్రిస్మస్ మర్నాడు రుమేనియాలో పాలకుణ్ణి కాల్చేశారన్న వార్త చదువుతుంటే, అతని కంటి కొస నుంచి నీరు జారి చెవిలోకి దిగింది. ఐలీ అది తుడిచి, తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"ఆవిడ దగ్గరుంటేనే ఆయనలో చలనం వస్తోంది. ఇంటికి పంపించండి డాక్టరు గారూ."

"వాళ్ళిల్లు సరస్సు అవతల అడవిలో ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు."

"ఆవిడ ఉందిగా. అంతకన్నా ఎవరు కావాలి?"

రెండ్రోజులు వెంటపడితే డాక్టరు ఒప్పుకున్నాడు. ఇరవై తొమ్మిదో తారీకున మార్గిట్ కాగితాల మీద సంతకాలు చేసి, కారు గుమ్మం దగ్గరికి తేవడానికి వెళ్ళింది.

చక్రాల కుర్చీలో ఓర్విల్‌ను కూర్చోబెట్టి ఐలీ కోటు బొత్తాలు పెడుతోంది. ఏడాదిగా చచ్చుబడిన వేళ్ళు ఉన్నట్టుండి ఆమె మణికట్టును పట్టుకున్నాయి.

"ఆమె... వెళ్ళిందా?"

ఐలీ సంతోషంతో అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "కారు కోసం వెళ్ళారు, ఇదిగో వచ్చేస్తారు. ఇన్నాళ్ళకు నోరు తెరిస్తే మొదటి మాట మీ ఆవిడ గురించేనా?"

అతని పట్టు ఇంకా బిగిసింది.

"నాకు పెళ్ళి కాలేదు."