కట్టు ఎవరికిచ్చారు?

"నా కట్టుని మూలన పడేయించావు కదా!" తలుపు తోసుకొచ్చి అరిచాడు ప్రొఫెసర్ ఆస్గర్.

కాలిన గాయం మీంచి నొప్పి లేకుండా ఊడొచ్చే కట్టు ఆయన కనిపెట్టిందే. విశ్వవిద్యాలయం దాని లైసెన్సు ఓ పెద్ద కంపెనీకిచ్చింది. తయారు చెయ్యబోమని ఆ కంపెనీ ఈ ఉదయమే తేల్చేసింది.

"వాళ్ళ పాత కట్లే బాగా అమ్ముడుపోతున్నాయట," అంది లైసెన్సులు చూసే బిర్తే.

"ఆ మాత్రం ముందే తెలీదా? కాఫీ తాగడానికేనా నీకు జీతం?"

"తెలుసు. అందుకే అప్పట్లోనే హోర్సెన్స్ ఊళ్ళో చిన్న కంపెనీ నడిపే మాయ్‌కెన్‌ని మీ దగ్గరికి తీసుకొచ్చాను."

"ఆవిడా! పేటెంటు చదివి చెయ్యడం కూడా చేతకాదంది."

"నెలకి రెండు రోజులు వచ్చి నేర్పమంది. మీరేమన్నారో గుర్తుందా? 'నేను శాస్త్రవేత్తని, మేస్త్రీని కాదు' అన్నారు. పెద్ద కంపెనీ మిమ్మల్ని రమ్మనలేదు. అందుకే వాళ్ళు మీకు నచ్చారు."

ఆస్గర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లైసెన్సు వెనక్కొస్తుందా?"

"తయారు చెయ్యకపోతే మనకే తిరిగిచ్చెయ్యాలని షరతు పెట్టాను."

"అయితే హోర్సెన్స్‌కి పొద్దున్నే రైలుంటుందా?"

"ముందు ఫోన్ చెయ్యండి. ఆవిడకి మీ మీద ఇంకా కోపమే."

"తిట్టనీ. కట్టు గాయానికి అంటుకోకుండా వేసే పూత ఎంత పల్చగా ఉండాలో ఫోన్‌లో చెబితే రాదు బిర్తే. పక్కన నిలబడి చేత్తో చూపించాలి."