గోమారి సాక్ష్యం

మా పెళ్ళయిన మూడో వారంలో మా కుక్క జున్నుకి రక్తం పీల్చే గోమార్లు పట్టాయి. నేనూ విహారీ నేల మీద కూర్చుని, నవ్వుకుంటూ, సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి వాటిని సబ్బు నీళ్ళలో పడేశాం. దుప్పట్లన్నీ ఉడకబెట్టి ఎండలో వేశాం.

అంతలో పై ఫ్లాట్ హైమావతి ఆంటీ గుమ్మంలో నిలబడింది. మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఆవిడే కార్యదర్శి.

“గోమార్లు తెచ్చిన జంతువు సాయంత్రంలోగా గేటు దాటాల్సిందే. నేను పెట్టిన రూలు తెలుసుగా, కొత్తపెళ్ళికూతురా? నీ కుక్క వల్ల మా మహారాణి కూడా గోక్కుంటోంది!”

మహారాణి ఆవిడ పిల్లి. జున్ను వణుకుతూ నా కుచ్చిళ్ళలో తల దూర్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ చూస్తుండగానే ఒక గోమారిని వంటింట్లోని రక్తపరీక్ష పెట్టెలో వేశాను. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ షుగర్ చెప్పే, అపార్ట్‌మెంట్‌లోని జంతువులన్నిటి రక్తం వివరాలూ నమోదై ఉన్న ఆ పెట్టె తీరిగ్గా చదివింది.

“పైన ఉన్నది తాజా రక్తం, జున్నుది. అడుగున ఉన్నది పాత రక్తం, మూడో అంతస్తు పిల్లి మహారాణిది.”

“ఇంకోసారి చెప్పించవోయ్!” అన్నాడు విహారి సంబరంగా.

సౌండు పెంచి మరీ చెప్పించాను. లిఫ్టు దగ్గర జనం పోగయ్యారు. ఆంటీ ముఖం పాలిపోయింది.

“రూలు మీదే కదా ఆంటీ! సాయంత్రానికి ఇంకా మూడు గంటలున్నాయి. మహారాణి బుట్ట సర్దడానికి నన్ను సాయం రమ్మంటారా?”