తొంభై మూడే పోయాలి

"మామూలు పెట్రోలు పోస్తే ఈ బండి ఇంజన్ కొట్టుకుంటది. దీనికి తొంభై మూడే పోయాలి!"

ఖైసర్ బేగం మాట మొఘల్‌పురా గల్లీ చివరిదాకా వినబడింది. ఆమె మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టే ఉంటుంది.

షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డ రజాక్ తల పట్టుకున్నాడు. ఆమె అన్న కొడుకు అతను. అది డెబ్బై నాలుగో సంవత్సరం. పెట్రోలు ధర మండిపోతోంది. ఉన్న కార్లు ఇంట్లో పెట్టి జనం బస్సులెక్కుతున్నారు. ఈమె మాత్రం మూసీ దాటి అబిడ్స్ దాకా వెళ్లి, మరీ ఖరీదైన తొంభై మూడు ఆక్టేన్ పెట్రోలే పోయించుకొస్తుంది. అదీ ఓ పాతకాలపు రెండు సీట్ల రేసు కారుకు.

"ఫుప్పీ, ముసలి బండికి ఏ పెట్రోలైతే ఏంది? నా ఫియట్ మామూలు దాంతోనే మస్తు ఉరుకుతది."

ఆమె కళ్లార్పకుండా అతని ముఖంలోకే చూసింది. ఎదుటివాడు తడబడేలా చూడటం ఆమెకు అలవాటు.

"నీ ఫియట్‌కు అది చాలు. దాంట్ల తొంభై మూడు పోసినా దండగే. ఇది రేసు ఇంజన్. లోపల ఒత్తిడి ఎక్కువ. చౌక పెట్రోలు ఓర్చుకోదు. వాహెద్ సాబ్ ఎట్ల నడిపిండో నేనూ గట్లనే నడుపుత."

అబ్దుల్ వాహెద్ ఆమె భర్త. ఆయన పోయాక కారు ఆమెకు మిగిలింది. షెడ్డు మాత్రం రజాక్‌ది. పత్తర్‌గట్టిలో అతనికి బట్టల దుకాణం ఉంది. షెడ్డు ఖాళీ అయితే సరుకు పెట్టుకోవచ్చని అతని ఆశ.

ఆమె అటు తిరిగి బానెట్ తుడవసాగింది.

"మొండి మనిషి! ఈ బండి అమ్మేదాక నిన్ను ఇడువ" అన్నాడు రజాక్ వెనకనుంచి.

ఆమె తలైనా తిప్పలేదు. గుడ్డ పట్టుకుని తుడుస్తూనే ఉంది. రజాక్‌కు ఒళ్లు మండి, చుట్టూ తిరిగి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సరే, షరతు. నీకు తెల్వకుండ ట్యాంకుల పెట్రోలు పోస్తం. మూడుసార్లు ఫలక్‌నుమా గుట్ట ఎక్కియ్యి. పోసింది ఏదో నువ్వే చెప్పాల. తప్పు చెప్తే కారు అమ్ముడే. సరిగ్గ చెప్తే ఈ షెడ్డు నీది. మళ్ల నోరెత్త."

మేడ మీద అద్దెకుండే జగన్నాథరావు మెట్లు దిగుతూ ఆ మాట విన్నాడు. ఆయనది గుడివాడ. కరెంటు ఆఫీసులో ఇంజనీరు.

"ఇది అన్యాయం రజాక్ భాయ్. ఇంజన్ కొట్టుకుంటే వచ్చేది ఎంత సన్నటి చప్పుడో మీకు తెలుసు. దాన్ని పట్టుకోమని ఆవిడకు పరీక్ష పెడతారా?"

"గా చప్పుడు పేరు మీదనే కదా రావ్ సాబ్ ఇంత లొల్లి!" రజాక్ నవ్వాడు. గెలుపు అప్పుడే చేతికొచ్చినట్టుంది అతనికి.

ఖైసర్ బేగం ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఫికర్ చెయ్యకుండ్రి రావ్ సాబ్. ఆదివారం పొద్దుగాల పోదాం. పెట్రోలు మీరే పోయండి. నా పక్కన మీరే కూసోండి."

ఆదివారం పొద్దున గుట్ట రోడ్డు ఖాళీగా ఉంది. జగన్నాథరావు పెట్రోలు పోస్తున్నంతసేపూ ఆమె దూరంగా, గోడవైపు తిరిగి నిలబడింది. కారెక్కే ముందు చెప్పులు విప్పేసింది. వేళ్ల ఉంగరాలు తీసి ఒడిలో వేసుకుంది. ఆ తయారీ చూసి రజాక్ నవ్వుకున్నాడు. దారిలో ఒక్క మాట అనకూడదని, చేత్తో సైగైనా చెయ్యకూడదని జగన్నాథరావు చేత ముందే ఒట్టేయించుకుని, తన ఫియట్‌లో గుట్ట మీదికి వెళ్లి కాపు కాశాడు.

ఆమె టాప్ గేరులోనే ఎత్తు ఎక్కించింది. సగం దూరం రాకముందే దవడ బిగిసింది. కాలు సడలించి, మెల్లగా పైకి తెచ్చి ఆపింది.

"మామూలు పెట్రోలు. ఇంజన్‌ను కొట్టి చంపుతున్నది."

జగన్నాథరావు అవునన్నట్టు తలూపాడు. కిందికి దిగి, ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ పోశారు. ఈసారి కారు ఎక్కడా తగ్గకుండా గుట్టెక్కేసింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"తొంభై మూడు! వాహెద్ సాబ్ ఉన్ననాడు గిట్లనే ఎక్కేది."

అదీ నిజమే. రజాక్ ముఖం మాడిపోయింది. "ఆఖరుసారి నేనే పోస్త" అని డబ్బాలు లాక్కుని తనే కిందికి వచ్చాడు. ఏం పోశాడో జగన్నాథరావును కూడా చూడనివ్వలేదు.

మూడోసారి పైకి చేరాక కూడా ఆమె స్టీరింగ్ మీది చేతులు తియ్యలేదు. వెనకే ఫియట్‌లో వచ్చిన రజాక్ ఆమె ముందు వంగాడు.

"ఏమైంది ఫుప్పీ? తెల్వలేదా?"

"కింద బాగనే ఎక్కింది. మలుపు కాడ, ఎత్తు పెరిగినంక, జరంత గుణిసింది." ఆమె గొంతు గుట్టంతా వినబడింది. "రెండూ కలిపి పోసినవు గదరా, దొంగ!"

రజాక్ జగన్నాథరావు మీద విరుచుకుపడ్డాడు.

"మీరే సైగ చేసిన్రు!"

"నా చేతులు ఒళ్లోనే ఉన్నాయండీ. అయినా ఏం చెప్పగలను? ఈసారి ఆ చప్పుడు నాకే వినబడలేదు!"

ఖైసర్ బేగం షెడ్డు తాళంచెవి కోసం చెయ్యి చాపింది. రజాక్ ఇవ్వక తప్పలేదు. ఆమె కారు తిప్పి గుట్ట దిగసాగింది.

"ఎట్ల తెలిసిందో చెప్పి పో!" రజాక్ వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

ఆమె వెనుదిరిగి చూడలేదు. టైఫాయిడ్‌లో రెండు చెవులూ పూర్తిగా పోయిన నాటినుంచీ, ఇంజన్ సంగతులన్నీ ఖైసర్ బేగానికి ఆమె అరిచేతులూ అరికాళ్లే చెప్తున్నాయి.